రాళ్ళు నవ్వి మడతలు పడ్డ కథ

ఒకప్పుడు ఈ నేల మీద బండలన్నీ చాపల్లా చదునుగా పడుకుని ఉండేవి. కొండ లేదు, లోయ లేదు, గుట్ట లేదు, కాలికి తగిలే చిన్న మిట్ట కూడా లేదు. గోళీకాయ కింద పెడితే ఎటు దొర్లాలో దానికి తెలిసేది కాదు. పాపం, ఉన్నచోటే కూర్చుని బిక్కమొహం వేసేది.

ఇప్పుడు మనం నల్లమల అంటున్నామే, అదీ అంతే. అరిసెల పీటలా నున్నగా ఉండేది!

అప్పట్లో కాలానికి అస్సలు తొందర లేదు. ఒక పిల్లకి పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేలోపు ఒక సముద్రం చుట్టపుచూపుగా వచ్చి, ఉండి, వెళ్ళిపోయేది. వెళ్తూ వెళ్తూ తను తెచ్చిన ఇసుకో, సున్నమో, బురదో అక్కడే పరిచిపోయేది. అది ఎండి, బిగిసి, బండయ్యేది. ఆ తర్వాత ఇంకో సముద్రం వచ్చి దానిమీద ఇంకోటి పరిచేది.

అలా ఒకరిమీద ఒకరు పడుకున్నారు ముగ్గురు తోబుట్టువులు. అందరికంటే ముందు పుట్టింది ఇసుకరాయి పెద్దన్న, కాబట్టి అందరికంటే అడుగున పడుకున్నాడు. మహా బిగువు మనిషి. ఆయన మీద సున్నపురాయి అక్క. మనసు మెత్తన, ఒళ్ళంతా బొరియలు, ఎవరికేమైనా ముందు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆమె మీద పలకరాయి చెల్లి. నల్లగా, పల్చగా ఉండి, గలగలా మాట్లాడుతూనే ఉండేది.

చెల్లి వీపు మీద కొంచెం మట్టి, ఆ మట్టిలో ఒకే ఒక్క చెలమ. నాలుగు గుడిసెల మనుషులు, వాళ్ళ మేకలు, ఒక ముసలి ఉడుము, అందరూ ఆ చెలమ నీళ్ళే తాగేవాళ్ళు. చుట్టుపక్కల ఇంకెక్కడా చుక్క లేదు. పలకరాయి చెల్లి నీళ్ళని కిందికి దిగనిచ్చేది కాదు కాబట్టి ఆ నీళ్ళు ఉన్నాయి. ఆమె గానీ పగిలిందో, నీళ్ళన్నీ అక్క బొరియల్లోంచి పాతాళానికి పోతాయి. అంతే సంగతులు.

ఆ గుడిసెల్లో ఓబులి అని ఒక పిల్ల ఉండేది. నోరు తెరిచిందంటే మేకలు కూడా నమలడం ఆపి వినేవి. "ఎందుకు?" అని అడగందే ఏ పనీ చేసేది కాదు. "ఎందుకంటే అంతే" అని ఎవరైనా అన్నారా, వాళ్ళ పని అయిపోయినట్టే.

ఆ ఏడు ఓబులి వాళ్ళ అవ్వ నాగులవ్వ పాత చీరలు కొన్ని ఇచ్చి, "ఒక బొంత కుట్టు మే, చూస్తా" అంది. ఓబులి దబ్బనం పట్టుకుని చీర మీద చీర పరిచి, చీమ దూరే సందు లేకుండా దగ్గర దగ్గరగా, లాగి లాగి బిగించి కుట్టింది.

"చూడవ్వా! నీ బొంతలో కుట్టుకీ కుట్టుకీ మధ్య మేక పోతాది. నాది చూడు!"

నాగులవ్వ బొంతని తట్టి చూసింది. ఠక్ మంది. బోసినోటితో నవ్వింది.

సరిగ్గా అప్పుడే తూర్పు దిక్కునుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏమనుకోకండమ్మా, కొంచెం జరుగుతారా?"

చూస్తే ఎవరు? తూర్పు నేలమ్మ! ఇంత లావున, మూటా ముల్లే సర్దుకుని, ఆయాసపడుతూ వచ్చేసి మన తోబుట్టువుల పక్కన ఇరుక్కుంటోంది.

"జరగాలా? ఎటు జరగాలి?" అన్నాడు పెద్దన్న.

"ఎటో ఒకవైపు నాయనా. నాకు మాత్రం సరదానా? వెనకనుంచి సముద్రం తోస్తావుంటే నేనేం చేసేది? సర్దుకోండి, సర్దుకోండి!"

తోబుట్టువులు పడమటికి జరగబోయారు. అక్కడ ఉన్నాడు గట్టు తాత. ఈ నేల పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్న నల్లటి పాతరాయి. చెవుడో, నటనో ఎవరికీ తెలియదు.

"తాతా, కొంచెం జరుగు" అంది అక్క.

"ఆఁ?"

"జరగమంటున్నా!"

"బాగానే ఉన్నానమ్మా, మీరంతా కులాసానా?"

తూర్పునుంచి తోపు, పడమట తాత. మధ్యలో మన ముగ్గురు. తిరునాళ్ళ బండిలో ఆఖరున ఎక్కినవాళ్ళ గతి పట్టింది వాళ్ళకి.

పెద్దన్న గొంతు సవరించుకున్నాడు. "ఎవరూ భయపడొద్దు. సముద్రం మనల్ని ఎలా పరిచిందో అలాగే ఉంటాం. ఒకరినొకరు ఉడుంపట్టు పట్టుకోండి. వెంట్రుకవాసి కూడా కదలొద్దు!"

"మనకి వెంట్రుకలు లేవన్నా" అంది చెల్లి.

"ఎగతాళి వద్దు! మన వంశంలో వంగినవాళ్ళు లేరు. విరుగుతాం గానీ వంగం!"

ముగ్గురూ ఊపిరి బిగబట్టి పట్టుకున్నారు. తూర్పు నేలమ్మ ఇంకొంచెం జరిగింది. వీళ్ళు ఇంకా బిగించారు. ఆమె ఇంకొంచెం జరిగింది. వీళ్ళు ఇంకా ఇంకా బిగించారు.

టప్!

పలకరాయి చెల్లి నడుం దగ్గర సన్నగా చీలింది.

చెలమ ఒడ్డున ఎండ కాచుకుంటున్న ఉడుము తోకమీద లేచింది. "నీళ్ళు పోతున్నాయోయ్! మునిగిపోయాం! కాదు కాదు, మునగడానికి కూడా నీళ్ళు లేకుండా పోయాం!"

అందరూ పరిగెత్తుకొచ్చారు. నిజమే. పొద్దున మోకాలి లోతు ఉన్న నీళ్ళు మడమలదాకా వచ్చేశాయి. చీలికలోంచి గుటకలు వేస్తున్న చప్పుడు. మేకలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

"నా వల్ల కావట్లేదన్నా" అని సన్నగా ఏడ్చింది చెల్లి. ఎప్పుడూ మాట్లాడే పిల్ల ఆ ఒక్కమాట తర్వాత ఇక మాట్లాడలేదు. అది చూసి ఓబులికి భయమేసింది.

భయమేస్తే ఓబులి ఏడవదు. వాదనకి దిగుతుంది. ముందు తూర్పు నేలమ్మ దగ్గరికి పోయింది.

"ఏమమ్మా, మా పలకరాయి పగిలిపోతావుంటే నీకు కనపడలేదా? ఎందుకు తోస్తావు?"

"నేను తొయ్యలేదు తల్లీ, నన్ను తోస్తున్నారు. వెనక్కి తిరిగి సముద్రాన్ని అడుగు. దానికీ నీ అంత నోరుంది, చూసుకో!"

అక్కడినుంచి గట్టు తాత దగ్గరికి పోయింది. "తాతా, నువ్వు ఒక్క అడుగు జరిగితే నీ సొమ్మేం పోతాది?"

"ఆఁ?"

"నీ సొమ్మేం పోతాదీ!"

"పెళ్ళా? ఎవరికమ్మా?"

ఓబులి కాళ్ళు నేలకేసి తపతపా కొట్టుకుంటూ వెనక్కి వచ్చింది. గుడిసెలవాళ్ళంతా కలిసి తూర్పు నేలమ్మకి వీపులు ఆనించి "హైలెస్సా!" అని ఎదురు తోశారు. ఆమెకి కొంచెం వీపు గోకినట్టు హాయిగా అనిపించింది, అంతే. "ఆ పైన, ఇంకొంచెం పైన" అంది.

మధ్యాహ్నానికి అందరూ అలిసిపోయారు. నాగులవ్వ పిల్లల్ని కసిరింది. "ఎండన పడి తిరిగింది చాలు. గుడిసెలో కాసేపు పడుకోండి."

ఓబులి తను కుట్టిన కొత్త బొంత పరిచి దర్జాగా మధ్యలో పడుకుంది. ఇటు వాళ్ళన్న మద్దిలేటి చేరాడు, అటు తమ్ముడు గంగులు చేరాడు.

"జరుగురా!"

"నువ్వు జరుగు, నాకు మట్టి తగుల్తావుంది!"

"నేను జరగను. నేను పెద్దోణ్ణి!"

ఇటునుంచి మద్దిలేటి కాళ్ళు తన్ని పెట్టి తోశాడు. అటునుంచి గంగులు గోడకి వీపు ఆనించి తోశాడు. మధ్యలో ఓబులి, ఆమె కింద బొంత. బొంత బిగిసింది, బిగిసింది, అప్పడంలా నిక్కింది.

పర్రుమంది!

నట్టనడుమ చినిగింది. ఓబులి లేచి కూర్చుంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "నా బొంత! ఎంత గట్టిగా కుట్టినా! అవ్వా, వీళ్ళని చూడు!"

నాగులవ్వ వచ్చి, చినిగిన బొంత పక్కకి లాగి, తన పాత బొంత అక్కడ పరిచింది. "ఊఁ. ఇప్పుడు తోసుకోండి, చూద్దాం."

అన్నదమ్ములకి ఇంతకంటే ఏం కావాలి? ఇటూ అటూ మళ్ళీ తోశారు. అవ్వ బొంత చినగలేదు. మెల్లగా మధ్యలో ఉబ్బింది. పక్కన దిగింది. మళ్ళీ ఉబ్బింది. అలలు అలలుగా లేచి, ఓబులిని బుజాన ఎక్కించుకున్నట్టు పైకి ఎత్తేసింది.

"ఇదెందుకు చినగలేదు?" అంది ఓబులి, అలమీద కూర్చునే.

"నీది బొంత కాదు మే, తలుపుచెక్క. బిగించి చంపినావు. నేను కుట్లు వదులుగా వేస్తా. తోసినప్పుడు ఒక చీర మీద ఇంకో చీర కొంచెం జారాల. జారితే వంగుతాది. జారనీకుంటే చినుగుతాది. ఇంతే కదా!"

ఓబులి అలమీదనుంచి దూకి, గుడిసె దాటి, చెలమ దగ్గరికి పరుగో పరుగు.

చెలమలో నీళ్ళు వేళ్ళు మునిగేంత మిగిలాయి.

"పెద్దన్నా!" అని బండకి నోరు ఆనించి అరిచింది. "వదులు! అక్కని వదులు! అక్కా, నువ్వు చెల్లిని వదులు!"

"వదలడమా?" కింద గురగురలాడాడు పెద్దన్న. "వదిలితే విడిపోతాం!"

"విడిపోమని ఎవరన్నారు? కలిసే ఉండండి. ఒకరి మీద ఒకరు కొంచెం జారండి, అంటావున్నా. జారితే వంగుతారు, వంగితే పగలరు!"

"వంగడం అంటే ఓడిపోవడం. మేం ఓడిపోం."

ఇదిగో, ఇక్కడ ఓబులికి కోపం నషాళానికి అంటింది. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అయితే ఒకటి అడుగుతా, జవాబు చెప్పు. నేను రోజూ ఈ చెలమ దగ్గర నడుం వంచి నీళ్ళు ముంచుకుంటా. చూసినావా లేదా?"

"చూశాను."

"వంగింది ఎవరు?"

"నువ్వే."

"కుండ నిండింది ఎవరిది?"

పెద్దన్న గొంతు సవరించుకోబోయాడు.

"చెప్పన్నా! కుండ నాదా, నీళ్ళదా? ఓడిందెవరు? ఇప్పుడు నువ్వు నిటారుగా, దర్జాగా ఉన్నావు. నీ చెల్లి పగిలింది. మా చెలమ ఎండిపోతావుంది. దీన్ని గెలుపు అంటారా మీ వంశంలో?"

పెద్దన్న ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. ఆయన ఆలోచన తెమిలేలోపు మరో సముద్రం వచ్చిపోయేలా ఉంది. ఈలోపు చెల్లి సన్నటి గొంతుతో, "అక్కా, నేను జారి చూస్తా. నువ్వు కొంచెం వదలవా?" అంది.

అక్క ఏడుస్తూ పట్టు వదిలింది, కొంచెం, అవ్వ బొంతలో కుట్టు వదులంత. చెల్లి అక్క వీపు మీద ఒక్క పిసరు జారింది.

"హిహీ!"

"ఏమైందే?" అంది అక్క.

"కితకితలక్కా! జారుతుంటే కితకితలు! హిహిహీ!"

"ఆగవే, నాకూ... హహ్హ... నాకూ పెడుతున్నాయి! అయ్యో, ఆగు, ఆగొద్దు!"

ఇద్దరూ నవ్వుతూ జారుతూ, జారుతూ నవ్వుతూ మెల్లగా ఉబ్బారు. అడుగున పెద్దన్న పళ్ళు బిగబట్టాడు. "నాకేం కితకితలు లేవు. నాకేం... అక్కడ కాదు... పక్కటెముకల దగ్గర వద్దన్నానా... బ్బ... బ్బ... బ్బహ్హహ్హా!"

పుట్టి బుద్ధెరిగాక పెద్దన్న నవ్వడం అదే మొదలు. ఆ నవ్వుకి నేల అలలుగా లేచింది. ఇక్కడ లేచింది, అక్కడ దిగింది, మళ్ళీ లేచింది. గుడిసెలు పైకెళ్ళాయి. మేకలు జర్రున కిందికి జారి, ఇదేదో బాగుందే అని మళ్ళీ ఎక్కి, మళ్ళీ జారాయి. అదే మొదటి కొండ. గోళీకాయ కూడా మొదటిసారి దొర్లింది. దాని సంబరం చూడాలి!

ఉడుము మాత్రం ఒక చెట్టువేరు పట్టుకుని కళ్ళు మూసుకుంది. "అయిపోయాం, అయిపోయాం" అంటూ. కళ్ళు తెరిచేసరికి అది కొండ కొసన ఉంది. కింద లోకమంతా కనబడింది. "అయినా నేను ముందే చెప్పాను, అంతా మంచికేనని" అంది.

చెల్లి నడుం చీలిక సంగతి అక్క మరిచిపోలేదు. తన తెల్లదనాన్ని కొంచెం కరిగించి, ఆ చీలిక నిండా పోసి, అతికింది. నల్లటి పలకలో తెల్లటి గీత. అచ్చం దబ్బనం దారంతో వేసిన కుట్టులా ఉంది.

నీళ్ళు ఏమయ్యాయి? అదే కదా మీ బెంగ! చదునుగా ఉన్నప్పుడు పడ్డ వాన పడ్డచోటే ఆవిరయ్యేది. ఇప్పుడు రెండు మడతల మధ్య ఇంత లోతున పల్లం పడింది. నాలుగు దిక్కుల నీళ్ళూ జలజలా అందులోకే దిగాయి. పాత చెలమ మోకాలి లోతు. కొత్త మడుగులో గంగులు మునిగి, తేలి, "కాలు అందలే!" అని కేరింతలు కొట్టాడు. ఓబులి నడుం వంచి కుండ ముంచుకుంది. కుండ నిండింది.

తూర్పు నేలమ్మకి చోటు దొరికింది. "చల్లగా ఉండండి తల్లీ" అని మూట దింపి కూలబడింది.

అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ సముద్రం ఊరుకునే రకమా? కొన్నాళ్ళకి మళ్ళీ తోసింది. ఈసారి పక్కవాటంగా.

"ఏమనుకోకండమ్మా..."

పెద్దన్న కిందనుంచి కేకేశాడు. "ఓబులీ! ఒకసారి మడత పడ్డాం. మడత పడ్డవాళ్ళం మళ్ళీ ఎలా మడత పడతాం? ఈసారి పగలడమే!"

ఓబులి అప్పటికి కొంచెం పెద్దదైంది. గుడిసె ముందు బొంత ఎండేసి, మడతపెడుతోంది. కొత్త బొంత, వదులు కుట్లది. నిలువుగా ఒకసారి మడిచింది. మడిచినదాన్ని అడ్డంగా ఇంకోసారి మడిచింది. చంకన పెట్టుకుంది.

"చూసినావా అన్నా? మడతని మడవకూడదని ఎక్కడైనా ఉందా?"

పెద్దన్న చూశాడు. కాసేపు ఆలోచించాడు. ఈసారి సముద్రం రాకముందే ఆలోచన తెమిలింది.

"చెల్లీ! ఎక్కడినుంచి మొదలుపెడదాం?"

"పక్కటెముకల దగ్గరనుంచే అన్నా!"

ఇక చూస్కోండి! పాత మడతల మీద కొత్త మడతలు పడ్డాయి. అలల మీద అలలు లేచాయి. నిలువుగా ఉన్నవి ఒరిగాయి, ఒరిగినవి చుట్టుకున్నాయి. చెల్లి అందరికంటే ఎక్కువ నవ్వింది కాబట్టి ఆమెకి పెద్ద మడతల్లో చిన్న మడతలు, ఆ చిన్నవాటిలో ఇంకా చిన్నవి, నవ్వినప్పుడు కంటి కొసన పడతాయే, అలాంటివి పడ్డాయి. ఆ పెద్దన్న ఉన్నాడే, వంశంలో ఎవరూ వంగలేదన్నాయన, ఆయన నవ్వీ నవ్వీ పల్టీ కొట్టి, ఒకచోట ఏకంగా చెల్లెళ్ళ మీదికి ఎక్కేశాడు.

"అన్నా! నువ్వు అడుగున ఉండాలి కదా?" అని అరిచింది చెల్లి, కిందనుంచి.

"ఉండనీయే! పుట్టాక ఇదే మొదటిసారి ఆకాశం చూడటం. ఇంత నీలంగా ఉంటుందని ఒక్కరూ చెప్పలేదేంటే నాకు?"

మూడోసారి తోపు వచ్చినప్పుడు తూర్పు నేలమ్మ నోరు తెరవకముందే ముగ్గురూ, "జరగమంటావా? రా పిన్నీ, రా! ఎంతసేపూ నీకోసమే చూస్తున్నాం!" అని అరిచారు.

ఇంత గొడవ జరిగినా పడమటి వైపు, గట్టు తాత ఒడిలో నిద్రపోతున్న చిన్నాన్న పిల్లలకి మాత్రం తోపు తగల్లేదు. వాళ్ళు ఉలకలేదు, పలకలేదు, పరిచినట్టే ఉండిపోయారు. వాళ్ళే మన కడప బండలు. ఇంట్లో వంటగట్టు మీద అమ్మ రొట్టె ఒత్తేటప్పుడు చూడండి, ఎంత చదునుగా, ఎంత నిద్రమొహంగా ఉంటాయో!

అందరూ నవ్వి నవ్వి అలిసిపోయాక, దుమ్ము సద్దుమణిగాక, గట్టు తాత మెల్లగా తల ఎత్తాడు.

"ఇందాక ఎవరో జరగమన్నారా?"

అప్పటినుంచే, నేల నింపాదిగా నొక్కితే లోపల రాళ్ళు మడతలు పడతాయి. మళ్ళీ నొక్కితే పడ్డ మడతలే మళ్ళీ మడత పడతాయి. ఎవరో తొందరపడి, సర్దుకునే వ్యవధి ఇవ్వకుండా తోస్తే మాత్రం ఈనాటికీ టప్ మంటాయి. నల్లమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగి, మీరు పక్కవాళ్ళ మీద పడి, వాళ్ళు మీమీద పడి అందరికీ నవ్వొచ్చినప్పుడు, కిటికీలోంచి కొండ కోసిన చోటు చూడండి. చారలు చారలుగా, అలల మీద అలలుగా, మధ్యలో ఒక తెల్లటి కుట్టుతో, ఆ ముగ్గురూ ఇంకా నవ్వుతూనే కనబడతారు.